తీరిక లేని చేతులు

పాఠశాల నుంచి వచ్చిన కాగితంలో ఒకే ఒక వాక్యం ఉంది: వ్యర్థ పదార్థాలతో ఒక కళాకృతిని తయారుచేసి సోమవారం తీసుకొని రావలెను. మూడవ తరగతి చదువుతున్న పాప దానిని సంచిలో నుంచి తీసి తల్లికి అందించే సరికి ఆదివారం రాత్రి ఎనిమిది గంటలయింది. రాజమహేంద్రవరంలో ఒక కార్యాలయంలో పనిచేసే ఆ తల్లికి ఆదివారమంటే విశ్రాంతి కాదు. వారం రోజుల బట్టలు, వారం రోజుల సరుకులు. ఇల్లంతా వెదికినా ఆ వేళకు తగిన వ్యర్థ పదార్థమేదీ కంటబడలేదు. వీధి చివర దుకాణం మూయబోతుండగా పరుగున వెళ్లి థర్మోకోల్ పలక, రంగు కాగితాలు, చమ్కీలు, జిగురు సీసా కొనుక్కొని వచ్చింది. పనికిరాని వస్తువులతో బొమ్మ చేయడానికి నూట ఎనభై రూపాయలు ఖర్చయ్యాయి. పది గంటలకు పాప నిద్రపోయింది. పదకొండున్నరకు ఒక ఇల్లు, ఇంటి ముందు చెట్టు, చెట్టు మీద రెండు పిట్టలు సిద్ధమయ్యాయి. మరునాడు ఆ బొమ్మకు మంచి గుర్తులు వచ్చాయి. బాగా చేశావని మెచ్చుకున్నారని పాప సాయంత్రం చెప్పింది. చెబుతున్నప్పుడు తల్లి ముఖంలోకి చూడలేదు.

చేతిపని ద్వారా చదువు అనే భావన మన దేశానికి కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానానికి చేతివృత్తే ఇరుసు. నూలు వడికే చేతికి లెక్కలూ, ప్రత్తి పండే నేలను గురించిన జ్ఞానమూ ఆ పనిలోనే అబ్బాలని ఆయన ఆశించారు. కాలక్రమంలో ఆ ఇరుసు ఎక్కడో జారిపోయింది. ప్రాజెక్టు అనే పేరు మిగిలింది. దాని బరువు రాత్రి పదకొండు గంటల తల్లుల మీద పడింది.

ఆ సంక్రాంతి సెలవులకు తల్లీకూతుళ్లు అమ్మమ్మగారి ఊరికి ప్రయాణమయ్యారు. జొన్నాడ దగ్గర గౌతమి మీది వంతెన దాటి, రావులపాలెం మీదుగా బస్సు కోనసీమలోకి ప్రవేశించింది. రాజోలుకు ఆవల, వశిష్ఠా తీరాన ఉన్నది ఆ పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. అక్కడ మనిషికి తీరిక ఉంటుందని పట్నవాసులు అనుకుంటారు గాని అది భ్రమ. అమ్మమ్మ తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పడుకొనే దాకా ఆమె చేతులు ఒక్క క్షణం ఊరకున్నది లేదు. వచ్చిన మరునాడు మధ్యాహ్నం ఆమె పెరటి అరుగు మీద రాలిన కొబ్బరిమట్ట ముందు వేసుకొని చీపురు కోసం ఈనెలు తీస్తూ కూర్చున్నది. మట్ట నుంచి ఒక్కొక్క ఆకును తెంపి, చిన్న కత్తితో ఈనెకు ఇరువైపులా చీల్చి, ఈనెను ఒక పక్కకు, ఆకును మరొక పక్కకు వేస్తున్నది. ఈనె చీపురుకు పోతుంది. మట్ట పొయ్యిలోకి పోతుంది. దారిలో మగపిల్లల చేతికి చిక్కితే కొంతకాలం క్రికెట్ బ్యాటుగా బ్రతుకుతుంది. ఇక మిగిలినది ఆకు. దానికి విలువ కట్టేవారు ఎవరూ లేరు. పాప ఆ కుప్ప పక్కన చేరింది.

అమ్మమ్మ పని ఆపలేదు. రెండు ఈనెలు తీసే వ్యవధిలో రెండు ఆకుపేలికలను తీసుకొని, ఒకదాని మీద ఒకటి అడ్డంగా మడుస్తూ చదరపు బిళ్ల అల్లి, మిగిలిన కొసలను పాప మణికట్టుకు ముడివేసింది. చిన్న ఈనెముక్కలు రెండు గుచ్చితే గడియారానికి ముళ్లు వచ్చాయి. “ఎంతయిందమ్మా టైము?” అని అడిగి తిరిగి కత్తి అందుకున్నది. మరొక అరగంటకు పాప తానే ఒకటి అల్లింది. అది చదరంగా రాలేదు. దానిని ఎవరూ సరిచేయలేదు.

తరువాత బూర వచ్చింది. ఇది కొంచెం కష్టమైన పని. ఆకు కొసను సన్నని గొట్టంగా చుట్టడం మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందరి చుట్టు మీద సగం ఎక్కేటట్లు, క్రమంగా వెడల్పవుతూ పోయేటట్లు చుట్టుకుంటూ రావాలి. చివరి అంచు విడిపోకుండా ఈనెముక్క గుచ్చాలి. సన్నని కొసలో రెండు పొరల ఆకుముక్కను సన్నాయికి పీక అమర్చినట్లు అమర్చాలి. పీక మరీ మందమైతే ఊపిరే వస్తుంది గాని నాదం రాదు. పాప ఊది ఊది బుగ్గలు ఎర్రబడ్డాక, అమ్మమ్మ ఆ కొసను గోటితో కొద్దిగా గిల్లి ఇచ్చింది. అంతే, పెరటి కోళ్లన్నీ చెదిరిపోయాయి.

భోగికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆవుపేడను చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, నడుమ వేలితో రంధ్రం చేసి ఎండబెట్టిన భోగి పిడకలు అప్పటికే గోడవారన వరుసగా ఉన్నాయి. ఇంటికి కావలసిన పెద్ద పిడకలు చేసినప్పుడు చేతికి మిగిలిన పేడతోనే ఇవీ అవుతాయి. పిల్లలు వాటిని తాడుకు గుచ్చి దండలు కట్టి, భోగిమంటలో వేస్తారు. ఈ దండలు ఇటీవలి సంవత్సరాలలో ఆన్‌లైన్‌లో కూడా అమ్మకానికి వచ్చాయి. కొనేవారిని తప్పుపట్టడానికి లేదు; పట్నంలో ఆవుపేడ దొరకడమే కష్టం. కాని కొన్న దండకు రంధ్రం పెట్టిన వేలు ఎవరిదో పిల్లకు తెలియదు.

వేసవి అయితే తాటిచెట్టు వంతు. ముంజలు తిన్న తరువాత మిగిలిన రెండు బుర్రలను ఒక పుల్లకు ఇరువైపులా గుచ్చితే చక్రాలు, ఆ ఇరుసును నెట్టడానికి ఒక పంగలకర్ర ఉంటే బండి. తాటాకు ముక్కలను అడ్డంగా పేర్చి తుమ్మముల్లుతో పుల్లకు గుచ్చితే గాలికి గిరగిర తిరిగే గిలక. తాటాకు పెళ్లికూతురికి, పెళ్లికొడుకుకు రంగు కాగితాల బట్టలు కట్టి ఊరేగించడం ఆడపిల్లల వేసవి వేడుక. నన్నయ మహాభారత రచనకు పూనుకొన్న రాజమహేంద్రవరానికి ఈ ఆకుతో మరొక చుట్టరికం ఉంది. అక్కడి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర ప్రతులను నేటికీ చూడవచ్చు. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, ఘంటంతో గీసిన అక్షరం శతాబ్దాలు నిలిచింది. పసిపిల్ల చేతిలోని గిలకకు అటువంటి సంస్కారమేదీ లేదు. రెండు రోజుల్లో వంకరపోతుంది, మూడవ రోజుకు పొయ్యిలోకి చేరుతుంది. అది పోయిందని పిల్లలు ఏడవరు. చెట్టు ఇంటి ముందే ఉంటుంది.

1996 నవంబరు తుపానుకు కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా మట్టలే, ఎక్కడ చూసినా పచ్చి ఆకే. ఆ ఏడు మాత్రం పిల్లలకు ఒక్క గడియారమైనా అల్లి ఇచ్చిన గుర్తు లేదని అమ్మమ్మ అన్నది.

మూడవనాడు పాప గూటిలో ఒక రేకుడబ్బా చూసింది. అందులో తెల్లని దారపు బంతి, కొక్కెం సూది, సగంలో ఆగిన లేసు ముక్క ఉన్నాయి. “అమ్మమ్మా, ఇది నేర్పవా?” అని అడిగింది. అప్పటి వరకు అడిగినదల్లా చేసి ఇచ్చిన అమ్మమ్మ ఈసారి వెంటనే బదులు చెప్పలేదు.

ఆమె పుట్టిల్లు నదికి ఆవలి ఒడ్డున, నరసాపురం దగ్గర. మిషనరీ మహిళల ద్వారా పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక, నరసాపురం పాలకొల్లు పరిసరాలలో ఇంటింటి పని అయింది. దళారి దారం తూచి ఇచ్చేవాడు. అల్లిన ముక్కలకు లెక్కకట్టి కూలి ఇచ్చి పట్టుకుపోయేవాడు. అవి సముద్రాలు దాటి పరదేశాల భోజనపు బల్లల మీద పరచుకొనేవి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలను దగ్గరగా చూసి 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే గ్రంథం వెలువరించింది. ఇంటిపనికి తోడు రోజుకు గంటల తరబడి సాగే ఆ శ్రమకు ‘గృహిణుల తీరిక వేళల కాలక్షేపం’ అనే పేరు ఉండటం వల్లనే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదన. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు న్యాయమైనదే. అయితే దాని వెనుక, ఏడేళ్ల వయసులో తల్లి పక్కన కూర్చొని సూది పట్టిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. అమ్మమ్మ వారిలో ఒకతె. అదీ తల్లీకూతుళ్లు కలిసి చేసిన చేతిపనే. కాని బయట తోటివారు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే వినబడే కేకలు ఆమెకు బాగా గుర్తు. ముక్క పూర్తికానిదే లేవడానికి వీలులేదు.

“నేర్పుతాను గాని ఒక షరతు. విసుగు పుట్టగానే సూది కింద పెట్టెయ్యాలి. నాకు ఆ వీలు లేకపోయిందమ్మా” అన్నది అమ్మమ్మ.

పాప పన్నెండు గొలుసుకుట్లు వేసింది. పదమూడవది జారిపోయింది. సూది డబ్బాలో పడేసి, బూర పట్టుకొని పెరట్లోకి పరుగెత్తింది. అమ్మమ్మ నవ్వుతూ ఆ పన్నెండు కుట్లను విప్పకుండానే డబ్బా మూత పెట్టింది. గుమ్మంలో నిలబడిన కూతురు ఏమీ అనలేదు.

సెలవులు ముగిసి తిరిగి వెళ్లేటప్పుడు పాప చేతికి ఆకుగడియారం ఉంది. బస్సు వంతెన ఎక్కే సరికి అది వాడింది. మరి రెండు వారాలకు, వారుండే భవనం ఆవరణలోని ఒంటరి కొబ్బరిచెట్టు నుంచి ఒక మట్ట రాలింది. కాపలాదారు దానిని చెత్తబండిలో వేయబోతుంటే పాప నాలుగు ఆకులు అడిగి తెచ్చుకున్నది. సాయంత్రం తల్లి కార్యాలయం నుంచి వచ్చి, చిక్కుడుకాయలు ముందు వేసుకొని వంటింట్లో కూర్చున్నది. పాప పక్కనే కూర్చొని బూర చుట్టింది. పలకలేదు. తల్లి ఈనె తీసి మళ్లీ చుట్టి ఇచ్చింది. అప్పుడూ పలకలేదు. ఇద్దరిలో ఎవరు పీక గిల్లారో గాని, కొంతసేపటికి ఎదురింటివారు ఏమిటా చప్పుడని తలుపు తీశారు. చిక్కుడుకాయలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.