గ్యాస్కెట్ కొత్తదే... బండే లాగదు!

హెడ్ గ్యాస్కెట్ మార్పించాక బండి మునుపటికన్నా మొండికేస్తే ఎవరికైనా ముందు అనుమానం ఆ గ్యాస్కెట్ మీదే. విజయవాడలో ఉండే ఆ రిటైర్డ్ మాస్టారూ అలాగే అనుకున్నారు. ఆయనది పాత మారుతి 800. రేడియేటర్‌లో నీళ్లు తగ్గి, ఇంజను వేడెక్కి, గ్యాస్కెట్ పోయింది. ఇంటి దగ్గరి షెడ్డులో హెడ్డు దించి, ఫేసింగ్ కొట్టించి, వాల్వులు గ్రైండింగ్ చేసి కొత్తది బిగించారు. పది రోజులు తిరగలేదు... ఆగి ఉన్నప్పుడు వణుకు, ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరు!

మళ్లీ అక్కడికే వెళితే ‘ఇంజను బోర్ చేయించాల్సిందే’ అన్నారు. పింఛను మీద బతికే ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. బండి అమ్మేద్దామంటే, మేడంగారికి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేరు. నూజివీడు దగ్గరి పల్లెలో ఉన్న తల్లిని ఆదివారం ఆదివారం చూసొచ్చేది ఆ కారులోనే. ఆ తల్లికి ఎనభై దాటాయి.

ఎవరో చెబితే ఆటోనగర్‌లో ఓ పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు.

‘‘బోర్ సంగతి తర్వాత మాస్టారూ, ముందు కొలుద్దాం’’ అన్నాడాయన. ఇంజను వేడెక్కనిచ్చి, మూడు ప్లగ్గులూ విప్పాడు. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోమన్నాడు. అలా తొక్కకపోయినా, బ్యాటరీ నీరసంగా ఉన్నా, గేజి తక్కువే చూపిస్తుంది. చాలా షెడ్లలో తొందరపడేది ఇక్కడే. సెల్ఫ్ కొట్టారు. మొదటి సిలిండర్ 165 పౌండ్లు, రెండోది 160. మూడోది 90!

టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పితే మూడూ తగ్గాలి. గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య పోతే పక్కపక్కవి రెండూ పడిపోవాలి. ఇక్కడ తగ్గింది ఒక్కటే. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచాడు. రింగులు అరిగి ఉంటే ఆ నూనె సందులు మూసి రీడింగు పెంచాలి. ముల్లు 90 దగ్గరే ఆగింది. అంటే బోర్ మాట ఉత్తిదే అన్నమాట.

తర్వాత మూడో పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ప్లగ్గు రంధ్రంలోకి కంప్రెసర్ గాలి పట్టాడు. ‘‘మాస్టారూ, వెనక్కెళ్లి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టండి’’ అన్నాడు. బుస్సుమని గాలి వస్తోంది. రేడియేటర్ మూత తీస్తే ఒక్క బుడగ లేదు. పాపం, ఇన్నాళ్లూ తిట్లు తిన్న గ్యాస్కెట్‌కు ఏ దోషమూ లేదు! గాలి పోతున్నది ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర.

ఇంజను చల్లారేదాకా టీలయ్యాయి. పై మూత విప్పి, మూడో ఎగ్జాస్ట్ టాపెట్ సందులో అతి సన్నని ఫీలర్ రేకు పెట్టబోతే దూరనే లేదు. గ్రైండింగ్ చేస్తే వాల్వు తన సీటులోకి కాస్త దిగుతుంది. దాని కాడ ఆ మేరకు పైకి వస్తుంది. అందుకే హెడ్డు బిగించాక టాపెట్లు కొత్తగా సెట్ చేయాలి. అక్కడ ఒకదాన్ని వదిలేశారు. కాడను నొక్కి పట్టడంతో వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. వాల్వు తన వేడిని చాలావరకు సీటుకు ఆనినప్పుడే వదులుతుంది. ఇలాగే ఇంకొన్నాళ్లు తిరిగితే అంచు కాలిపోయి, మళ్లీ హెడ్డు దించాల్సి వచ్చేదే.

నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, రేకు బిగువుగా జారేలా సరిచేశాడు. మిగతావీ చూశాడు. మళ్లీ గేజి పెడితే మూడోది 155 చూపించింది.

‘‘ఎంతివ్వమంటావు బాబూ?’’ అని మాస్టారు అడిగితే, మూత కింద వేసిన కొత్త ప్యాకింగు ఖర్చు, పూట కూలీ చెప్పాడు మేస్త్రి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఓసారి తీసుకొస్తే టాపెట్లు మళ్లీ చూస్తానన్నాడు.