ఏ జోన్ అని అడగలేదు

ప్లాటు కొనేముందు నేను చూడని కాగితం లేదనుకున్నాను. ఈసీ తీయించాను. లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాను. నాలా కన్వర్షన్ అయింది, పంచాయతీ ముద్రతో లేఅవుట్ నక్షా ఉంది, రిజిస్ట్రేషన్ చిటికెలో జరిగిపోయింది. ఆ ధీమాతోనే బామ్మర్దికీ పక్క ప్లాటు ఇప్పించాను.

ఇంటి పర్మిషన్‌కు పెట్టుకున్నాక తెలిసింది, మా సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో ఉందని. సాగుకూ పచ్చదనానికీ వదిలిన నేల అది, ఇళ్ల లేఅవుట్‌కు పనికిరాదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నేల 2031 దాకా దేనికి వాడాలో చెప్పే హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్ 2013లోనే నోటిఫై అయింది. నేను కొన్నది ఆ తర్వాత.

నాలా అయితే ఇల్లు కట్టుకోవచ్చనుకున్నాను. అది రెవెన్యూ వాళ్ల పని: వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చి రాస్తారు. జోన్ మారాలంటే దారి వేరు. దరఖాస్తు పెట్టాలి, అభ్యంతరాలు పిలవాలి, ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఇక సబ్ రిజిస్ట్రార్ ఎవరు ఎవరికి అమ్మారో నమోదు చేస్తాడు. అక్కడ ఇల్లు లేస్తుందా లేదా అన్నది ఆయన చూడడు. నిజం చెప్పాలంటే నా ధీమా వెనక ఇంకోటి కూడా ఉంది. 2015లో అనుమతి లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసే ఎల్ఆర్ఎస్ వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. ఏదో ఒకనాడు అన్నీ రెగ్యులరైజ్ అయిపోతాయిలే అనుకునే అలవాటు మనందరికీ పట్టింది.

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కారు. ముసాయిదా మాస్టర్ ప్లాన్ తమ పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించిందని గొడవ. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. టీవీలో అది చూస్తుంటే సిగ్గేసింది. వాళ్లు జోన్ గీత ముసాయిదాగా ఉండగానే తమ సర్వే నంబర్లు వెతుక్కున్నారు. ఆ గీత ఖరారై ఏళ్లు గడిచాక డబ్బు పెట్టి కొన్న నేను మ్యాపు తెరిచి కూడా చూడలేదు.

ఇప్పుడు ఎవరు ప్లాటు కొంటానన్నా, ముందు సర్వే నంబరు రాసుకుని ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీయించమంటున్నాను. ఖర్చు పెద్దదేం కాదు.

బామ్మర్ది తన ప్లాటు అమ్మేస్తానంటున్నాడు. కొనేవాళ్లకు జోన్ సంగతి చెప్పే అమ్మమన్నాను.

"చెబితే ఎవరు కొంటారు బావా? నాకు నువ్వు చెప్పే కొనిపించావా?" అన్నాడు.