ఒంటిచేతి పిడి

మా ఇంట్లో బీరువా అరుగున నాయన కళ్ళజోడు పక్కన ఒక ఇత్తడి పిడి ఉంది. పొడవు జానెడు కూడా ఉండదు. ముందువైపు నాలుగు చీలికలున్న ఉక్కు నోరు, వీపు మీద బొటనవేలు ఆనేచోట అరిగి నున్నబడిన చిన్న మీట. చూసినవాళ్ళు స్క్రూడ్రైవరా అంటారు, టార్చిలైటా అంటారు. 1987లో నేను లేత్ మీద చేసిన వస్తువు అది. టర్నరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ వేల పంపులకు షాఫ్టులు తిప్పాను. వాటిలో ఒక్కటీ నా దగ్గర లేదు. ఇది ఒక్కటే మిగిలింది.

మాది కోయంబత్తూరు. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. నాయన కంసాలి. వీధిలోకి వెళ్తే తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. పనిముట్లు కూడా గడప లోపలివే కాబట్టి అవన్నీ తెలుగు పేర్లతోనే పలికేవి: ఆకురాయి, శ్రావణం, కమ్మచ్చు, దాగలి. ఊళ్ళో నాయుళ్ళ ఇళ్ళకూ దేవాంగుల ఇళ్ళకూ బొట్లు చేసేవాడు. ఏ ఇంటి బొట్టు ఏ తీరున ఉండాలో ఆయనకు కంఠతా వచ్చు. కాగితం మీద గీసుకోగా నేనెన్నడూ చూడలేదు.

1963 జనవరిలో బంగారు నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. 14 కారట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. 14 కారట్ల బొట్టు చేసిపెట్టమని ఏ తల్లి అడుగుతుంది? దేశమంతటా కంసాలులు వీధిన పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో కుంపటి చల్లబడింది. వెండి మెట్టెలూ మొలతాళ్ళూ చేసి నాయన సంసారం నెట్టుకొచ్చాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఒకనాడు నన్ను పిలిచి, "ఈ పని నీకొద్దురా. ఇనుము పని నేర్చుకో. ఇనుమును సర్కారు ఆపదు" అన్నాడు. ఆ బంగారు చట్టం పూర్తిగా రద్దయ్యేసరికి 1990 వచ్చింది. అప్పటికి నేను లేత్ దగ్గర తల నెరిసిన మనిషిని.

1986లో నాయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట పోలేదు, కుడిచేయి బాగానే ఉంది, అదృష్టవంతులన్నాడు డాక్టరు. కంసాలికి ఎడమచేయి అంటే ఏమిటో ఆయనకేం తెలుసు? కుడిచేయి చేస్తుంది, ఎడమచేయి పట్టుకుంటుంది. పట్టుకునే చేయి లేకపోతే చేసే చేయికి పనిలేదు.

అయినా నాయన ఊరుకోలేదు. నగను లక్కలో ఒత్తి, ఆ లక్క కర్రను బెంచీ వైసులో బిగించమన్నాడు. పట్టుకునే పని అలా తీరింది. ఊదుగొట్టం, మాటు పెట్టడం మా చిన్నాయన కొడుకు చూసుకున్నాడు. ఆకురాయి పని, చెక్కడం, మెరుగు పెట్టడం నాయనకు మిగిలాయి. ఆరు నెలలు తిరిగేసరికి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు ఇబ్బంది. పని చేయడం కాదు, పనిముట్టు మార్చడం. సన్నటి సూదాకురాయిని రెండు చేతులున్నవాడు ఎడమచేత్తో తీసి, కుడి అరచేతిలో కావలసిన తీరులో అమర్చుకుంటాడు. అలా అమర్చుకుంటున్నామని మనకు తెలియను కూడా తెలియదు. ఒంటిచేతివాడు అదే ఆకురాయిని రొమ్ముకు ఆనించి, వేళ్ళతో దొర్లించి తిప్పుకోవాలి. అన్నిటికీ లావుపాటి కొయ్య పిడులు వేసిచ్చాను. బల్ల నిండిపోయింది, పిడులు దొర్లి కింద పడ్డాయి. ఒకరోజు చెక్కుడు ఉలి చొక్కాలోంచి రొమ్ములో గుచ్చుకుంది. దాంతో ప్రతిదానికీ మనిషి కావలసి వచ్చింది. "రేయ్, ఒకసారి ఇటు రా." నేను లేకపోతే అమ్మ, అమ్మ లేకపోతే నా కూతురు. ఒక ఆదివారం ఊరికే లెక్కపెట్టాను. ఒక గంటలో ఇరవైమూడుసార్లు పిలిచాడు. ఇరవైనాలుగోసారి పిలవకుండా, చేతిలో ఉన్న ఆకురాయితోనే సరిపెట్టుకోవడం చూశాను. ఆకురాయి మార్చవలసినచోట మార్చని నాయనను నేనెప్పుడూ ఎరగను.

బజారులో పిన్ వైస్ అని ఒకటి దొరుకుతుంది. గొట్టంలాంటి పిడి, కొసన చీలికల నోరు, దాని మీద మర. మర తిప్పితే నోరు మూసుకొని ఏ మొననైనా పట్టుకుంటుంది. అది తెచ్చిచ్చి నా బాధ్యత తీరిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఇంటికి వస్తే, నాయన ఆ పిడి తోకను పళ్ళతో కరిచిపట్టి, కుడిచేత్తో మర తిప్పుతున్నాడు. అమ్మ చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. పిడి పట్టుకోవడానికి ఒక చేయి, మర తిప్పడానికి ఒక చేయి. ఆ వస్తువు చేసినవాడికి రెండు చేతులున్నాయి. తెచ్చిచ్చిన నాకూ ఉన్నాయి.

మా వర్కుషాపు డ్రాయింగు గదిలో గీతలు గీసేవాళ్ళ దగ్గర క్లచ్ పెన్సిల్ ఉండేది. వెనక బొత్తాం నొక్కితే ముందున్న గోళ్ళు బయటికొచ్చి తెరుచుకుంటాయి, వదిలితే లోపలి స్ప్రింగు వాటిని వెనక్కి లాగి మూసేస్తుంది. ఒక చేయి చాలు. దాన్నే పెద్దది చేస్తే? షిఫ్టు అయ్యాక ఫోర్‌మన్‌ను అడిగి లేత్ దగ్గర నిలబడ్డాను. ఇత్తడి గొట్టం, లోపల ఉక్కు కాలెట్, గట్టి స్ప్రింగు. వెనక గుండును బల్ల అంచుకు నొక్కితే నోరు తెరుచుకునేలా చేశాను. చెక్కుడు ఉలికి అద్భుతంగా పనిచేసింది. ఉలిని ముందుకు తోసేకొద్దీ కాలెట్ వెనక్కి, ఇరుకులోకి పోయి ఇంకా బిగుసుకుంటుంది. నేను పొంగిపోయాను.

నాలుగు రోజుల్లో పెళ్ళి ఉన్న ఇంటి బొట్టు ఒకటి వైసులో ఉంది. నాయన ఆకురాయి బిగించి తోశాడు, బాగుంది. వెనక్కి లాగాడు. లాగేటప్పుడు బిగింపు వదులై ఆకురాయి అక్కడే ఉండిపోయింది, ఖాళీ నోరు వెనక్కొచ్చింది. మళ్ళీ ముందుకు పోయిన చేయి ఆగలేదు. ఉక్కు నోరు బొట్టు మీద అడ్డంగా గీత గీసింది. నాకు నోట మాట రాలేదు. నాయన ఆ గీతను గోటితో తడిమి, "పొడిచేటప్పుడు పట్టుకుంటాది, లాగేటప్పుడు వదిలేస్తాది. చుట్టాల్లో కూడా ఉండారు ఇట్లాంటోళ్ళు" అన్నాడు. ఆ రాత్రి ఆ గీత పోయేదాకా మెరుగు పెడుతూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని పనిముట్లు అందించాను.

స్ప్రింగుతో కుదరదని తేలిపోయింది. సైకిలు చక్రాన్ని మీటతో బిగించే పద్ధతి ఉంది కదా, అటువైపు పోయాను. గుండ్రటి బిళ్ళకు రంధ్రం నడిమధ్యన కాక కొంచెం పక్కకు వేస్తే, బిళ్ళ తిరిగేటప్పుడు ఒకవైపు ఎత్తు పెరుగుతుంది. దాన్ని క్యామ్ అంటారు. పిడి లోపల కాలెట్‌ను వెనక్కి లాగే కమ్మి, ఆ కమ్మి చివర ఈ బిళ్ళ, బిళ్ళకు మీట. బొటనవేలితో మీటను పిడి వీపు మీదికి పడుకోబెడితే బిగుసుకోవాలి, కొస పట్టి లేపితే వదలాలి. రంధ్రాన్ని మొదట ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు వేశాను. బాగా లాగింది గానీ, పని అదురుకు మీట తనంతట తానే లేచేది. 15 మిల్లీమీటర్ల బిళ్ళకు ముప్పాతిక మిల్లీమీటరు చేశాక నిలబడింది. కొంచెమే లాగితేనే లాగినదాన్ని నిలుపుకుంటుంది. కొంచెమే లాగుతుంది కాబట్టి అన్ని పనిముట్ల తోకలూ ఒకే లావుండాలి. ఇంట్లో ఉన్న ఆకురాళ్ళూ ఉలులూ అన్నీ తెచ్చుకొని, తోకలు 3 మిల్లీమీటర్లకు సానపట్టాను. ఉలి నోట్లో గిర్రున తిరగకుండా ప్రతి తోక చివరా చదును చేసి, లోపల దానికి సరిపడే గాడి పెట్టాను.

మా వర్కుషాపు గోడకు నష్టపరిహారం పట్టిక ఒకటి అంటించి ఉండేది. 1923 నాటి చట్టంలోది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం, చేయి పోతే 60 శాతం పోయినట్టు లెక్క. ఆ బిళ్ళ తిప్పుతున్నన్ని రోజులూ నా కళ్ళు దాని మీదికే పోయేవి. నాయన చేయి ఉంది గానీ లేదు. ఇంట్లో పీట మీద పనిచేసే కంసాలికి ఆ పట్టిక వర్తించదు కూడా. ఆయన లెక్కంతా మిగిలిన ఆ బొటనవేలి మీదే నడవాలి.

ఫోర్‌మన్ తమిళుడు. పిడిని చేతిలో తిప్పి చూసి, "ఒత్తక్కై పిడి" అని పేరు పెట్టాడు. ఒంటిచేతి పిడి అనే. పిడి మాట మనకూ వాళ్ళకూ ఒకటే. కానీ తమిళంలో 'పిడి' అంటే 'పట్టుకో' అని కూడా అర్థం. షెడ్డులో పొద్దస్తమానం వినబడే కేక అది. ఇన్నేళ్ళూ వింటున్నా, మన ఇంటి మాటలో ఆ కేక దాగి ఉందని అప్పటిదాకా తోచలేదు.

పిడి ఇంటికి తెచ్చాను. నాయన మీట నొక్కి చూశాడు, లేపి చూశాడు. తల ఊపి, "పిడి సరే. ముట్టు ఎవరు అందిస్తారు?" అన్నాడు. నేను తెల్లబోయాను. నిజమే. పిడి కుడిచేతిలో ఉంటే, బల్ల మీది ఆకురాయిని తీసి ఆ నోట్లో పెట్టేదెవరు?

ఉపాయం ఆయనే చెప్పాడు. చింతమొద్దు ఒకటి తెప్పించి, దానికి వరసగా రంధ్రాలు వేయించాడు. పనిముట్లన్నీ మొన కిందికి, తోక పైకి పెట్టి నిలబెట్టాడు. పిడిని తోక మీదికి దింపాలి, బొటనవేలు ఆనించాలి, లేపాలి. పని కాగానే అదే రంధ్రంలో గుచ్చి మీట లేపితే పనిముట్టు అక్కడే నిలబడిపోతుంది. పిడి పొద్దున చేతికెక్కితే భోజనం వేళకు గానీ దిగనక్కర్లేదు. నేను బిగింపు గురించే నెలల తరబడి తలబద్దలు కొట్టుకున్నాను. పనిముట్టు వచ్చి చేతిలో పడాలని ఎందుకు, చేయే దాని దగ్గరికి పోయేలా అది నిలబడి ఉంటే చాలని తోచడానికి ఒంటిచేత్తో ఏడాది బతికి ఉండాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో చేతులు పోయిన సైనికుల కోసం జర్మనీలో, ఫ్రాన్సులో 'పని చేతులు' తయారుచేశారనీ, వాటి కొసన సుత్తీ ఆకురాయీ మార్చి బిగించుకునే ఏర్పాటు ఉండేదనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఫ్రాన్సులో జూల్ అమార్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పని మీదే శ్రమించాడట. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదన్నమాట. అది చదివి చిన్నబోలేదు, తోడు దొరికినట్టనిపించింది.

పిడి వచ్చిన వారానికి ఒక ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. వసారాలో పేపరు చదువుతూ చెవి లోపలే పెట్టుకున్నాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. టక్‌మని మీట పడుతున్న చప్పుడు, మళ్ళీ టక్, ఆకురాయి గీరు. పిలుపు లేదు. ఇన్ని నెలలు ఏ పిలుపు లేకుండా చేయాలని తాపత్రయపడ్డానో అది లేకుండా పోయింది. సంతోషించాలి. కానీ నిజం చెప్పొద్దూ, మనసులో ఎక్కడో కలుక్కుమంది. ఇక నాతో పనిలేదు కాబోలు అనిపించింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషిని, అమ్మ పిలవని పిల్లవాడిలా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక వినబడింది. "రేయ్, ఒకసారి ఇటు రా." మీట విరిగిందేమోనని పరుగెత్తాను. విరగలేదు. నాయన బొట్టును లక్కలోంచి తీయించి అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. "చూడు" అన్నాడు. అంతే. నేను చూశాను.

ఆ పిడితో మరో ఏడేళ్ళు పనిచేసి, 1994లో పోయాడు. మొన్న ఒక నగల వర్కుషాపుకు వెళ్తే, అక్కడి కుర్రవాడి చేతిలో కరెంటుతో తిరిగే పనిముట్టు ఉంది. పక్కన చిన్న మీట. బొటనవేలితో లేపి మొన మార్చాడు, పడుకోబెట్టాడు. కళ్ళు నగ మీదే ఉన్నాయి, మీట వైపు చూడను కూడా చూడలేదు. దాన్ని తెలుగులో ఏమంటారని అడిగాను. ఆ అబ్బాయికి తెలుగు రాదు. "పిడి" అన్నాను. "ఆమా, పిడిదాన్" అని నవ్వి, నాకివ్వబోయాడు. చేయి చాచి పట్టుకున్నాను.