సినిమాలో గురువెక్కడ?

ఛందస్సు రుచి మరిగినవాడికి పొడుగాటి మాట కనబడితే చాలు, గణవిభజన చేయాలనిపిస్తుంది. టి. నగర్ బోర్డుల మీద అలాంటి ఇంగ్లీషు మాటలకు కొదవ లేదు. పొడుగు మాటను కోసేయడం ఈ పేటకు అలవాటే. పిట్టి త్యాగరాయచెట్టి పేరున వెలసిన త్యాగరాయనగరే జనం నోట టి. నగర్ అయింది.

కోయడం సులువు. ఎన్ని అచ్చులు వినబడితే అన్ని ముక్కలు. ‘స్ట్రీట్’ ఒక్క ముక్కే, మనం ఉకారం తగిలించి రెండు చేసుకుంటాం. చిక్కంతా ఊనికతోనే, అంటే ఏ ముక్కను ఒత్తి పలకాలన్నదానితోనే. తెలుగు మాటలో నలుగురు గురువులున్నా ఎవరి గౌరవం వారిదే. ఇంగ్లీషులో పెద్దరికం ఒక్కడిది, తక్కినవాళ్లు గొంతు తగ్గించాలి. ఆ ఒక్కడూ కుదురుగా ఉండడు. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి ముక్క మీద, ‘ఫోటోగ్రఫీ’లో రెండోదాని మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదాని మీద కూర్చుంటాడు.

అయినా లాటిన్ వైపునుంచి వచ్చిన చాలా నామవాచకాలకు మన గురులఘువులే దారి చూపుతాయి. చివరి ముక్కను వదిలేసి, దాని ముందుదాన్ని చూడాలి. గురువైతే ఊనిక అక్కడే, లఘువైతే ఒకడుగు వెనక్కి. పానగల్ పార్కు బెంచీ మీద ఓ పెద్దాయన మనవరాలికి ఇదే నేర్పుతున్నాడు.

“‘అజెండా’ చెప్పమ్మా.”

“జెం. సున్నా ఉంది, గురువు. అక్కడే ఒత్తాలి.”

“‘సినిమా’?”

“ని లఘువు. వెనక్కి... సి!”

“శభాష్.”

“మరి క్యాలెండర్‌లో లెం గురువే కదా తాతయ్యా? మా మిస్ ‘క్యా’ దగ్గర ఒత్తుతుంది.”

“అది ఛందోభంగం తల్లీ. ఇంగ్లీషువాళ్లకది చెల్లుతుంది.”

బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు ఇల్లున్న పేట ఇది. ఇక్కడ ‘సినిమా’ అనని నోరు లేదు. మన నోట ‘మా’ గురువు. ఇంగ్లీషువాడు దాన్ని మింగేసి ‘సి’ని ఒత్తుతాడు. డేనియల్ జోన్స్ 1917లో తెచ్చిన ఉచ్చారణ నిఘంటువు కొత్త కూర్పుల్లో చూస్తే, ఊనిక ముక్కకు ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. మనకేమో నిలువు గీత లఘువు గుర్తాయె!

‘డెవలప్‌మెంట్’ను ఎక్కడ ఒత్తినా ఉస్మాన్ రోడ్డు బేరం ఆగదు. కాని ఇంగ్లీషు పుట్టుభాషైనవాడు మాటను పోల్చుకునేటప్పుడు ఊనికనూ పట్టించుకుంటాడు. చోటు తప్పితే, అక్షరాలన్నీ సరిగ్గా పలికినా మొహం చిట్లిస్తాడు. అమెరికా ప్రయాణం కట్టిన పిల్లలు, పదో తరగతిలో మార్కుల కోసం నేర్చి మరిచిన గణవిభజనను మళ్లీ బయటికి తీస్తే మంచిది. సగం పని అది చేసిపెడుతుంది. క్యాలెండర్ లాంటివాటిని చెవికి వదిలేయాలి.