మా అమ్మ పెళ్లికి సాక్ష్యం వెతికిన కథ

పోస్టు కొంచెం పెద్దదే. కానీ మన గూడేల్లో చాలా ఇళ్లకు ఏదో ఒక రోజు ఎదురయ్యే సంగతి, అందుకే ఓపికగా చివరిదాకా చదవండి.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీలో ఒక కోయ గూడెం. మా నాయన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడు. నెలనెలా జీతంలో పీఎఫ్ కోసేవాళ్లు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా జ్వరం వచ్చి పది రోజుల్లో పోయాడు. పీఎఫ్ కడుతూ పనిలో ఉన్న మనిషి చనిపోతే భార్యకు నెలనెలా పింఛను వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డిగ్రీలో చేరాక హాస్టల్లో ఒక సీనియర్ అన్న చెబితే తెలిసింది.

కాయితాలు పట్టుకుని అమ్మా నేనూ వెళ్లాం. అడిగిన మొదటి ప్రశ్న, "ఈమె ఆయన భార్య అని రుజువేంటి?" అమ్మ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది. కేరాఫ్ దగ్గర మా తాత పేరు. "మ్యారేజ్ సర్టిఫికెట్ తెండి, లేదా తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెండి" అన్నారు. అమ్మ అక్కడ ఏం మాట్లాడలేదు. బస్టాండులో కూర్చున్నాక అంది, "ఇరవై ఏళ్లు కాపురం చేశాను. ఇప్పుడు ఆయన నాకు ఏమవుతాడో నేను రుజువు చెయ్యాలా బిడ్డా?"

అమ్మా నాయనల పెళ్లి 2001 ఎండాకాలంలో జరిగింది. ఇప్పపూలు ఏరడం అయిపోయాక పందిరి వేశారు. గట్టు చూసి, ఇంటిపేర్లు చూసి పెద్దలు కలిపిన సంబంధం. ఇద్దరి తలలూ ఆనించి నీళ్లు పోశారు. గూడెం మొత్తం తిని, తాగి, తెల్లారేదాకా ఆడింది. శుభలేఖ లేదు, ఫొటో లేదు. సంతకం పెట్టిన కాయితం అసలే లేదు.

ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాను. "ఇద్దరూ రావాలమ్మా" అన్నారు. మా నాయనను ఎక్కడి నుంచి తీసుకురాను? తర్వాత మా పంచాయతీ ఆఫీసులో పెళ్లిళ్ల రిజిస్టర్ అడిగాను. అందులో ఈమధ్య జరిగిన పెళ్లిళ్లు కొన్ని ఉన్నాయి. మా అమ్మ పెళ్లి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నిర్బంధ నమోదు చట్టం వచ్చిందే 2002లో.

ఆఫీసు బయట ఒకాయన పిలిచాడు. ఐదు వేలిస్తే పాత తేదీ వేసి, గుడిలో పెళ్లి జరిగినట్టు సర్టిఫికెట్ చేసిస్తానన్నాడు. నిజం చెప్తున్నా, నాకు ఆశ పుట్టింది. తిరిగీ తిరిగీ విసిగిపోయి ఉన్నాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "మా పెళ్లి గుడిలో కాలేదు, గూడెంలో అయింది. పోయిన మనిషి మీద అబద్ధం రాయిస్తావా?" అంది. ఆ మాటతో నాకు సిగ్గేసింది. చదువుకుంటున్నది నేను, దారి తప్పబోయింది కూడా నేనే.

అప్పుడు వేరేగా వెతకడం మొదలుపెట్టాను. పెళ్లి పుస్తకంలో లేకపోయినా కాపురం ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది కదా. వారం వారం హాస్టల్ నుంచి వెళ్లి ఒక్కొక్కటి పోగుచేశాను. పాత ఓటర్ల జాబితాలో అమ్మ పేరు పక్కన భర్త పేరు అని నాయన పేరు ఉంది, ఇద్దరిదీ ఒకే ఇంటి నంబరు. ఉపాధి హామీ జాబ్ కార్డులో ఇద్దరూ ఒకే కుటుంబం. పాత రేషన్ కార్డులో అందరం కలిసి ఉన్న ఫొటో. నేను కడుపులో ఉన్నప్పుడు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో అమ్మ పేరు, భర్త పేరు. మా బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో అక్కకూ నాకూ తల్లిదండ్రులుగా ఇద్దరి పేర్లూ.

అన్నిటికంటే గట్టిది మా పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం, పెళ్లయినవాళ్లయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. మా పట్టాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ట్రంకు పెట్టెలో ఇన్నేళ్లు పడి ఉన్న కాయితమే అమ్మను నాయన భార్య అని చెప్పింది.

ఇవన్నీ జిరాక్సులు తీసి, నాయన మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టాం. ఆర్ఐ సార్ విచారణకు గూడెం వచ్చారు. పెళ్లిలో నీళ్లు పోసిన తాత కర్ర పట్టుకుని వచ్చి, "ఈ చేతులతోనే పోశాను సారూ" అని రెండు చేతులూ చూపించాడు. వేలిముద్ర వేశాడు. ఇంకో నలుగురు పెద్దలు సంతకాలు పెట్టారు. కొన్ని వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. అందులో "భార్య" అనే మాట ఎదురుగా తన పేరు ఎక్కడుందో అమ్మ నన్ను చూపించమంది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత పింఛను కూడా మంజూరైంది.

ఈ తిరుగుడులో నేను నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మన ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి పెళ్లే. రిజిస్టర్ కాలేదని అది చెల్లకుండా పోదు. అయితే 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అంటే మన పెళ్లికి ఆధారం మన ఆచారమే. కోర్టుకెక్కితే ఆ ఆచారాన్ని మనమే నిరూపించాలి. 2001లో భార్య ఒరావ్, భర్త సంతాల్ అయిన ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె కేసు వేసింది. రెండో పెళ్లి చెల్లదనే ఆచారం తమలో ఉందని రుజువు చెయ్యలేకపోయినందుకు ఆమె ఓడిపోయింది.

2006లో సుప్రీంకోర్టు ఏ మతం వాళ్ల పెళ్లైనా నమోదు చెయ్యాలని రాష్ట్రాలకు చెప్పింది. సర్టిఫికెట్ ఒక్కటే పెళ్లికి పూర్తి రుజువు కాదు గానీ, సాక్ష్యంగా దానికి చాలా విలువ ఉంటుందని కూడా అంది. కాబట్టి కొత్తగా పెళ్లైనవాళ్లు ఆలస్యం చెయ్యకుండా పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఇంకో దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఆచారం ప్రకారం ముందే జరిగిన పెళ్లిని కూడా సెక్షన్ 15 కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. అప్పటికి ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి, కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. అభ్యంతరాల కోసం 30 రోజులు నోటీసు పెడతారు. ఏ దారైనా ఇద్దరూ బతికి ఉండగానే.

పోయిన ఎండాకాలం మా అక్క పెళ్లైంది. బావను రిజిస్ట్రేషన్‌కు రమ్మంటే, "పెద్దమనుషుల ముందు చేసుకున్నాం, మళ్లీ కాయితం ఎందుకు? నామీద నమ్మకం లేదా?" అన్నాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి అమ్మ పిలిచి కూర్చోబెట్టింది. "నీమీద నమ్మకం లేక కాదు అల్లుడా. నువ్వు లేనప్పుడు దాన్ని ఎవరూ నమ్మరు" అంది. మర్నాడు పొద్దున్నే బావే బండి తీశాడు.

ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక్క పని చెయ్యండి. మీ అమ్మ ఆధార్ తీసి ఇంటిపేరు, కేరాఫ్ చూడండి. పోడు పట్టాలో ఆమె పేరు ఉందో లేదో చూడండి. తేడా ఉంటే మీ నాయన పక్కన ఉండగానే సరిచేయించండి.