చమ్కీ చొక్కాల కాలం

ఫిబ్రవరి 16, 2022. ఆదోని

సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పోయాడు. నిన్న రాత్రి, ముంబయి ఆసుపత్రిలో. పొద్దున ఫోను తెరిస్తే ఎవరు పంపినా అదే ఫొటో. మెడనిండా బంగారు గొలుసులు, నల్లద్దాలు.

పత్తి యార్డు ఎదురుగా టీ అంగడి దగ్గర ఒక హమాలీ గోనెపట్ట మడిచి వేసుకుని కూర్చుని 'గ్యాంగ్ లీడర్' పాట వింటున్నాడు. యాభై దాటి ఉంటాయి. "సీటుండి కూడా ఇంటర్వెల్ దాకా నిలబడే చూసినాన్నా" అన్నాడు. 1991 మే నెలలో వచ్చిన సినిమా. మే నెలలో మా ఊరి థియేటరు లోపల ఎంత ఉక్కగా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ నిలబడటం విలువ తెలుస్తుంది.

నేను చూసిన నివాళుల్లో అన్నీ హిందీ సినిమాల పేర్లే. 'సింహాసనం', 'సామ్రాట్', 'స్టేట్ రౌడీ', 'రౌడీ అల్లుడు' గురించి ఒక ముక్క ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ పాటలకు ఊగినవాళ్లు ఈ పడమటి ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి రాసిపెట్టుకోవాలి.

ఫిబ్రవరి 20

పాత రికార్డింగ్ షాపాయన ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. అడగ్గానే అటక మీంచి అట్టపెట్టె దించాడు. సోనీ, టీడీకే, మెల్‌ట్రాక్ క్యాసెట్లు. అరవైలూ తొంభైలూ. అరవై అంటే ఒక్కో పక్క అరగంట, తొంభై అంటే ముప్పావుగంట. కాగితం మీద పాటలు రాసిచ్చి పోతే రెండు రోజుల్లో ఎక్కించి పెట్టేవాడు. చివరి పాట పట్టకపోతే టక్కున తెగనిచ్చేవాడు కాదు, గుండీ మెల్లగా తిప్పి తగ్గించుకుంటూ పోయేవాడు. మాకు కొన్ని పాటల ముగింపు అదే. ఇప్పటికీ పూర్తిపాట వింటే ఆఖరి చరణం ఎవరో కొత్తగా చేర్చినట్టుంటుంది.

సీజన్లో జిన్నింగ్ మిల్లుల దూది గాల్లో తేలి వచ్చి టేప్‌రికార్డరు హెడ్డు మీద చేరేదట. పాట బొంగురుపోయేది. "దూది పెట్టిన కష్టం దూదితోనే తీర్చల్ల" అని అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి ఎలా తుడిచేవాడో చేసి చూపించాడు.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న పలకలుంటాయి. విరిచేస్తే ఇక చెరిపి ఎక్కించడానికి వీలుండదు. 'సింహాసనం' క్యాసెట్‌కు రెండూ విరిచి ఉన్నాయి. ఇంకోదానికి విరిచిన గుంటల మీద మళ్లీ సెల్లోటేపు అంటించారు. లోపలి అట్ట మీద నీలం ఇంకుతో రాసిన ఇళయరాజా పాటలు కొట్టేసి, ఎర్ర ఇంకుతో చిరంజీవి పాటలు. ఆ ఇంట్లో అన్నదమ్ముల మధ్య ఎంత గొడవ జరిగి ఉంటుందో!

మార్చి 6. ఎమ్మిగనూరు

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. దుప్పట్లకూ తువ్వాళ్లకూ పేరు. ఊరంతా నూలు గుడ్డే, తళుకు గుడ్డ యాడిది?

దర్జీ పెద్దాయన చెప్పాడు. సినిమా పడిన మర్నాడు కుర్రాళ్లు గోడ మీది పోస్టరు ఊడబెరుక్కొచ్చి బల్ల మీద పరిచేవాళ్లట. "ఇట్లాంటిదే కావల్ల, ఆదివారానికి." లంగాలకు వాడే శాటిన్ తెచ్చి చొక్కా కోసేవాడు. భుజాలు ఎత్తుగా రావడానికి పాత దుప్పటి ముక్కలు మడిచి లోపల కుట్టేవాడు. చమ్కీలు కుట్టడానికి మాత్రం ఆయనకు తీరిక లేదు. మగ్గం నేసేవాళ్ల పిల్లలే కరెంటు పోయిన రాత్రుళ్లు లాంతరు పెట్టుకుని కుట్టుకునేవాళ్లు. సన్న పోగు పట్టడం వాళ్లకు చిన్నప్పుడే వచ్చిన విద్య.

దర్జీ పెద్దాయన తన చొక్కా ఒకటి దాచుకున్నాడు. ఎర్ర శాటిన్. చంకల్లో చెమటకు రంగు దిగి గులాబీ అయింది. కాలరు మీద చమ్కీలు వరస తప్పకుండా ఉన్నాయి, జేబు మీదవి సగం రాలి తెల్లదారపు ముళ్లు మిగిలాయి. లోపలి వైపు తిప్పితే ప్రతి చమ్కీకీ విడిగా ముడి. ఒకటి ఊడినా పక్కది నిలవాలని. ఇంత జాగ్రత్తగా కుట్టినదాన్ని 'కుర్రచేష్ట' అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

మార్చి 13

1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఒక్క వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. పైగా ముంబయి–చెన్నై రైలు దారి. అందుకే బప్పీ సంగీతమిచ్చిన 1982 'డిస్కో డాన్సర్' మాకు పరాయి భాష సినిమా కాలేదు. పాత బజారు భాయ్ ఒకాయన మిథున్ అడుగులు వేసి చూపించాడు, మోకాలి నొప్పి ఉన్నా. ఆయన భార్య లోపల్నుంచి "బస్ కరో జీ" అంటూనే తలుపు దగ్గరికొచ్చి చూస్తోంది.

ఏప్రిల్ 17

దర్జీ మనవడు ఫోన్లో 'గోలీమార్' పాట చూపించి నవ్వాడు. 1985 'దొంగ'లోది. ఎర్ర జాకెట్టు, సమాధులు, దెయ్యాలు. 1983 చివర్లో వచ్చిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' చూసి చేసిందే, దాచాల్సిన పని లేదు. 'ఇండియన్ థ్రిల్లర్' అని పేరుపెట్టి దేశదేశాల వాళ్లు నవ్వుకున్నారు కూడా.

ఆ నవ్వు నాకు మింగుడుపడదు. 'థ్రిల్లర్' దాదాపు 14 నిమిషాలు, తీసింది హాలీవుడ్ దర్శకుడు జాన్ లాండిస్. ఇక్కడ చక్రవర్తి ఏడాది పొడుగునా సినిమా మీద సినిమాకు బాణీలు కడుతూ, దాని మధ్యలో చేసిన పాట ఇది. అప్పట్లో ఆదోనిలో జాక్సన్‌ను చూసినవాళ్లు ఎందరు? మా ముందుకొచ్చింది చిరంజీవి. ఆ కాళ్లలో వేగం అరువు తెచ్చుకున్నది కాదు. 1987లో 'పసివాడి ప్రాణం' బ్రేక్ డాన్స్ చూశాక హైస్కూలు మైదానంలో సాయంత్రం కబడ్డీ ఆగిపోయింది. మట్టిలో వీపు మీద తిరగబోయి చొక్కాలు చిరిగి, ఇళ్లలో తన్నులు. పిల్లాడికి ఇదంతా చెప్పాను. రెండోసారి పాట నవ్వకుండా చూశాడు.

ఆగస్టు 28

మేనల్లుడు డాలస్ నుంచి వీడియో పంపాడు. మోట్లీ క్రూ, డెఫ్ లెపర్డ్, పాయిజన్ రాక్ బృందాలు కలిసి ఈ వేసవిలో అమెరికా స్టేడియాలన్నీ తిరుగుతున్నాయి. కరోనా వల్ల రెండేళ్లు వాయిదా పడిన ప్రదర్శనలు. ఎనభైల్లో వీళ్లది స్ప్రే కొట్టి నిలబెట్టిన జుట్టు, తోలు ప్యాంట్లు, మగవాళ్ల కళ్లకు కాటుక, చెవులు చిల్లులుపడే గిటార్లు. పెద్ద విమర్శకులు మొహం తిప్పుకున్నారు, పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. వీడియోలో ఆ పిల్లలే, ఇప్పుడు తలలు నెరిసి, పొట్టలు పట్టని జాకెట్లలో, ప్రతి పాటా నోటికి పాడుతున్నారు. మా దర్జీ పెద్దాయనకు చూపించాలి.

డెఫ్ లెపర్డ్ డ్రమ్మర్ రిక్ అలెన్‌కు 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. పోయిన చేతి పని కాలికి అప్పజెప్పి, ఎలక్ట్రానిక్ డ్రమ్ముల మీద మళ్లీ నేర్చుకున్నాడు. 1987లో 'హిస్టీరియా' ఆల్బమ్ వచ్చింది. ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఈ ఒక్క సంగతి కోసం వీడియో మళ్లీ మళ్లీ చూశాను.

1991లో నిర్వాణా 'నెవర్‌మైండ్' ఆల్బమ్ వచ్చాక అక్కడ ఆ తళుకు వెలిసిపోయింది. మరుసటి ఏడాదే 'రోజా'తో రెహమాన్ వచ్చాడు, ఇక్కడి చెవులు మారాయి. రెండు చోట్లా చమ్కీ చొక్కాలు పెట్టెల్లోకి వెళ్లింది దాదాపు ఒకే కాలంలో.

నవంబరు 15

హీరో కృష్ణ పోయారు. తెల్లవారుజామున. రికార్డింగ్ షాపాయన ఫోను చేశాడు, మాట సరిగా రాలేదు. 'సింహాసనం'లో కృష్ణకు పాడింది రాజ్ సీతారాం. బాలు గొంతు లేకుండా కృష్ణ పాటేమిటని అప్పట్లో వాదించినవాళ్లే తరవాత ఆ క్యాసెట్ అరిగేదాకా విన్నారు. జానపద కథకు డిస్కో సంగీతం పెట్టే ధైర్యం కృష్ణకే చెల్లింది.

జనవరి 14, 2023. ఎమ్మిగనూరు

నీలకంఠేశ్వర జాతర. ఎద్దుల సంత చూసుకుని బ్యాండ్ మేళం పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఉగ్గాని, బజ్జి పెట్టారు. పెళ్లి మెరవణిలో బప్పీ పాటలు ట్రంపెట్‌కు ఎలా దించేవారని అడిగాను. క్యాసెట్ ముక్కముక్కగా ఆపుతూ విని, సరిగమల్లో రాసుకునేవాడట. "పల్లవి ఎవడైనా వాయిస్తాడప్పా. పల్లవికి ముందొచ్చే మ్యూజిక్కు రావల్ల. అది తప్పితే పెండ్లికొడుకు దోస్తులు మెరవణి కదలనీరు."

పై పళ్లు రెండు పోయాక ఆయనకు ట్రంపెట్ మీద పైస్వరాలు పలకడం లేదు. మనవడు కీబోర్డు పట్టుకున్నాడు. 'గ్యాంగ్ లీడర్' పాట ముందు ముక్క వాయిస్తుంటే పెద్దాయన ఆపి "యాడికి పోతావురా, ఆడ రెండు దెబ్బలు ఆగల్ల" అని మోకాలి మీద తాళం వేశాడు. మూడోసారికి కుదిరింది. తరవాత 'స్టేట్ రౌడీ'ది నేర్పుతానన్నాడు కానీ ఆయన కాగితం చెదలు తిన్నది. షాపాయన దగ్గర ఆ క్యాసెట్ ఉంది, సోమవారం తెచ్చిస్తానని చెప్పి వచ్చాను.