నైలాన్ దాహం

ఉప్పల్‌లో ఇల్లు, నాచారంలో ఉద్యోగం. ఉద్యోగమంటే పెద్దదేం కాదు. మా బావ అప్పు చేసి పెట్టిన చిన్న షెడ్డు, అందులో ఒకే ఒక్క మౌల్డింగ్ మిషను. లెక్కలూ నేనే చూసేవాణ్ణి, మిషన్ దగ్గరా నేనే నిలబడేవాణ్ణి. 2003లో నీళ్ల పంపులకు నైలాన్ బుష్‌లు చేసే ఆర్డరొచ్చింది. అక్క గాజులు తాకట్టు పెట్టి ముడిసరుకు కొన్నాం.

నైలాన్ గింజల్ని 80 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టాకే మిషన్‌లో పోయాలని మాకు తెలుసు. అలాగే చేశాం. ప్రతి బుష్‌నీ కొలిచి మరీ పంపాం. నెల తిరక్కుండా రెండు బస్తాలు వెనక్కొచ్చాయి. షాఫ్టును పట్టేసుకుంటున్నాయట! కొలిచి చూస్తే బుష్‌లు ఉబ్బి ఉన్నాయి. బావ ఆ రోజు అన్నం ముట్టలేదు.

చర్లపల్లి సిపెట్‌లో చదివిన కుర్రాడొకడు పక్క షెడ్డులో పనిచేసేవాడు. చూసి, ''అన్నా! గింజల్ని మీరు ఆరబెట్టారు సరే, పంపులోకెళ్లాక అది తాగే నీళ్ల సంగతేంటి?'' అన్నాడు.

నైలాన్‌లో అమైడ్ అనే భాగాలుంటాయి. దానికి బలమిచ్చేవీ అవే, నీటిని పిలిచి కూర్చోబెట్టుకునేవీ అవే. నైలాన్-6 పూర్తిగా నానితే తన బరువులో సుమారు 9 శాతం నీరు పీల్చుకుంటుంది. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. మనం పళ్లు తోముకునే బ్రష్షుల్లో చాలావాటికి తక్కువ నీరు తాగే నైలాన్-612 వాడేది అందుకే.

ముందు 30 శాతం గాజునార కలిపిన నైలాన్ తెచ్చాం. స్లాబులో ఇనుప చువ్వల్లా ఆ నార బలాన్నిస్తుంది, ఉబ్బనివ్వదు. గాజు నీళ్లు తాగదు కూడా. అయితే అది షాఫ్టును గీకేసింది! అప్పుడా కుర్రాడే పాలీప్రొపిలీన్ కలపమన్నాడు. దానికి నీటి దాహం లేదు. కానీ నైలాన్‌కీ దానికీ నూనెకీ నీళ్లకీ ఉన్నంత పొత్తు. ఊరికే కలిపితే పొరలుగా ఊడొస్తుంది. అందుకని మాలిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్‌ని కొద్దిగా వేయాలి. పెళ్లిళ్ల పేరయ్యలా అది రెండువైపులా చెయ్యి కలుపుతుంది. బలం, వేడిని ఓర్చుకునే గుణం కొంత తగ్గినా మా చిన్న పంపుకు అది చాలు.

ఈసారి తొందరపడలేదు. కొత్త బుష్‌లను అక్క వంటగదిలో, పాత గిన్నెలో గంటలకొద్దీ మరిగించాం. వేడినీళ్లలో నెలల నానుడు త్వరగా తేలిపోతుంది. కంసాలి కాటా మీద తూచాం, మళ్లీ కొలిచాం. మిగిలిన కాస్త ఉబ్బుకూ చోటుండేలా రంధ్రం కొంచెం పెద్దది చేయించాం. ఆ సరుకు వెనక్కి రాలేదు.

గాజులు రెండేళ్లకు ఇంటికొచ్చాయి. అవి వేసుకుంటూ అక్క అంది, ''గిన్నె మాత్రం కొత్తది కొనాల్రా!''

ఇప్పటికీ ఎవరైనా సరుకు చూపించి ''కొలత సరిగ్గా ఉంది'' అంటే, ''నానబెట్టి కొలిచారా?'' అనే అడుగుతాను.